హత్యకూ నరహత్యకూ మధ్య ఒక జీవితకాలం

1968 జులైలో ఒకరోజు పొద్దున్నే గుంటూరు జిల్లా రొంపిచర్ల వైపు నుంచి వచ్చిన బస్సు నకరికల్లు దగ్గర ఆగింది. ఆ రెండూళ్లూ ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉన్నాయి. బస్సు దిగిన యాభై అయిదేళ్ల మనిషిని ఎదుటి వర్గంవాళ్లు బరువైన కర్రలతో చితకబాదారు. ఆయన చేతులు జోడించినా ఆగలేదు. దెబ్బలు ఎక్కువగా కాళ్ల మీదా చేతుల మీదా పడ్డాయి. ఒంటిమీద 19 గాయాలు తేలాయి. మర్నాడు తెల్లవారుజామున ఆస్పత్రిలో ప్రాణం పోయింది.

కొట్టిందెవరో తేలాక కోర్టుల ముందు మిగిలిన ప్రశ్న ఒక్కటే. జరిగినదాన్ని ఏ పేరుతో పిలవాలి? సెషన్స్ కోర్టు ‘మర్డర్’ అని యావజ్జీవం వేసింది. హైకోర్టు అది మర్డర్ స్థాయికి చేరని ‘కల్పబుల్ హోమిసైడ్’ అని శిక్షను అయిదేళ్లకు దించింది. రాష్ట్ర ప్రభుత్వం ఢిల్లీ దాకా వెళ్లింది. 1976లో సుప్రీంకోర్టు మళ్లీ మర్డరేనని తేల్చింది. మూడు కోర్టుల ముందూ ఉన్నవి అవే కర్రలు, అవే గాయాలు. వాటికి పెట్టిన పేరు మారింది, పేరుతోపాటు శిక్షా మారింది.

నిఘంటువు తెరిస్తే ఈ రెండు మాటలూ పక్కపక్కనే కనిపిస్తాయి. హత్య, నరహత్య, చంపడం అని అర్థాలు ఇచ్చేసి నిఘంటువు ముందుకు వెళ్లిపోతుంది. ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లలు వాటిని పర్యాయపదాలుగా వల్లె వేస్తారు. న్యాయస్థానంలో మాత్రం పర్యాయపదాలు లేవు. అక్కడ రెండు మాటలున్నాయంటే రెండు నేరాలున్నట్టే, రెండు శిక్షలున్నట్టే. ఈ దేశంలో ఆ మాటల నడుమ నలిగే మనుషుల్లో చాలామందికి ఆ భాషే రాదు. నన్ను వేధించే విషయం అదే.

పల్నాడు కేసులో తీర్పు రాసినవారు జస్టిస్ రంజిత్ సింగ్ సర్కారియా. తర్వాత కేంద్ర, రాష్ట్ర సంబంధాల మీద వేసిన కమిషన్‌కు పేరిచ్చిన సర్కారియా ఈయనే. హోమిసైడ్ అంటే మనిషి చేతిలో మనిషి చావడం. అందులో తప్పు ఉండాలని లేదు. ఆత్మరక్షణలో చంపినా అది హోమిసైడే. అందులో నేరం ఉన్న భాగం కల్పబుల్ హోమిసైడ్. ఆ నేరంలోనూ అన్నిటికన్నా ఘోరమైన భాగం మర్డర్. ప్రతి మర్డరూ కల్పబుల్ హోమిసైడే, కానీ ప్రతి కల్పబుల్ హోమిసైడూ మర్డర్ కాదు. ఒకటి జాతి, రెండోది అందులో ఒక రకం అని సర్కారియా విడమరిచారు. న్యాయ విద్యార్థులు ఇప్పటికీ ఈ తీర్పు దగ్గరే ఆ తేడా నేర్చుకుంటారు.

గీత ఎక్కడ పడుతుందన్నది అసలు సంగతి. చట్టంలో దాన్ని రెండు చిన్న మాటలు గీస్తాయి. గాయం చావుకు దారితీసే అవకాశం ఉన్నదైతే ‘లైక్లీ’, అది కల్పబుల్ హోమిసైడ్. ప్రకృతి సహజంగా ఆ గాయం చావుకు చాలినదైతే ‘సఫిషియెంట్’, అది మర్డర్. చావొచ్చు అనిపించేదానికీ, మామూలుగా అయితే చావు తప్పదనిపించేదానికీ మధ్య ఉన్నంత తేడా ఇది. కాళ్లూ చేతులూ ప్రాణస్థానాలు కావు కదా అన్నది పల్నాడు కేసులో నిందితుల వాదన. ఒక్కొక్క గాయాన్నీ విడిగా చూస్తే నిజమే. యాభై అయిదేళ్ల మనిషి ఎముకలు వరసగా విరగ్గొట్టాక, ఆ గాయాలన్నీ కలిసి చావుకు చాలవా అని కోర్టు చూసింది. చాలుతాయని తేలింది.

దీనికి పునాది 1958 నాటి ఒక పంజాబ్ కేసు. బల్లెంతో ఒక్క పోటు, పొట్టలో. చంపాలని పొడవలేదన్నది వాదన. జస్టిస్ వివియన్ బోస్ ఆ వాదన ఒప్పుకోలేదు. చంపాలనుకున్నాడా లేదా అన్నది వేరు సంగతి, ఆ పోటు అక్కడే పొడవాలనుకున్నాడా అన్నదే ముందు చూడాలన్నారు. అనుకునే పొడిచాడని తేలితే, ఆ గాయం చావుకు చాలినదో కాదో వైద్యశాస్త్రం చెప్తుంది. పొడిచినవాడికి ఆ సంగతి తెలుసా లేదా అన్నది అడగనక్కర్లేదు.

మనసు లోపలి స్థితికి కూడా చట్టం రెండు మాటలు వాడుతుంది. ‘ఇంటెన్షన్’ అంటే ఇలా జరగాలన్న ఉద్దేశం. ‘నాలెడ్జ్’ అంటే ఇలా జరగొచ్చన్న ఎరుక. జరగాలని కోరుకోకపోయినా, జరగొచ్చని తెలిసి చేసినవాడు రెండోవాడు. కల్పబుల్ హోమిసైడ్‌లో ఉద్దేశం ఉంటే యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. ఎరుక మాత్రమే ఉంటే పదేళ్లు దాటదు. పాత శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఈ విభజన 105వ సెక్షన్‌గా నిలిచే ఉంది. ‘త్రీ నాట్ టూ కేసు’ అని మన ఊళ్లలో రెండు మూడు తరాలుగా అంటున్న మర్డర్ శిక్ష ఇప్పుడు 103కి మారింది. నంబర్లు మారాయి, మాటల మధ్య గీతలు మాత్రం చెరగలేదు.

పాత మాటల లోపల

‘మర్డర్’ పాత ఇంగ్లిష్ మాట. మొదట్లో దానికి చాటుగా చంపడం అన్న ఛాయ ఉండేది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలుచుకున్నాక ఆ మాటకు పాలకుల భయం తోడయింది. చంపినవాడెవరో తెలియని శవం కనిపిస్తే, అది నార్మన్ శవమేనని ముందే లెక్కవేసేవారు. చచ్చినవాడు ఇంగ్లిష్ మనిషేనని చుట్టుపక్కలవాళ్లు రుజువు చేసుకోవాలి. చేసుకోలేకపోతే ఆ ప్రాంతం మొత్తం జరిమానా కట్టాలి. ఆ జరిమానాకు ‘మర్‌డ్రమ్’ అని పేరు. 1340 దాకా అది రద్దు కాలేదు. ‘హోమిసైడ్’ మాత్రం లాటిన్‌లో పుట్టి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఒకటి జనం నోటి మాట, ఇంకోటి చదువుకున్నవాళ్ల మాట.

ఈ మాటల్ని మన దేశానికి అమర్చినవాడు మెకాలే. 1837లో ఆయన నాయకత్వంలో శిక్షాస్మృతి ముసాయిదా సిద్ధమైంది. అది చట్టమైంది 1860లో, అమలైంది 1862 జనవరి 1న. అప్పటికి మెకాలే బతికి లేడు. తర్వాత ఇక్కడే న్యాయసభ్యుడిగా పనిచేసిన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ ఈ స్మృతిని మెచ్చుకుంటూనే, మర్డర్‌కూ కల్పబుల్ హోమిసైడ్‌కూ ఇచ్చిన నిర్వచనాలే ఇందులో అన్నిటికన్నా బలహీనమైన చోటని తేల్చాడు. రెండు నిర్వచనాలూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. ఒక్కో కేసులో ఒక్కో కోర్టు ఒక్కో వైపు మొగ్గడానికి కారణం అదే.

మెకాలే విద్యావిధానం మీద మనకు ఎన్ని అభ్యంతరాలున్నా, ఈ స్మృతిలో చేసిన ఒక పనిని మెచ్చుకోవాలి. ప్రతి నిర్వచనం కిందా చిన్న చిన్న ఉదాహరణలు ఉంటాయి. జేబులో కుక్కలకు ఇష్టమైన తిండి పెట్టుకుని వెళ్తే, ఎదుటివాడి కుక్క వెంట నడిచిన క్షణంలోనే దొంగతనం పూర్తయినట్టు. ఎదుటివాడి ఇంట్లో బల్లమీదున్న ఉంగరం తీస్తే దొంగతనం. అదే ఉంగరం ఎవరి స్వాధీనంలోనూ లేకుండా దారిలో దొరికితే, తీసుకున్నందుకు దొంగ కాడు. దాన్ని కాజేస్తే అది ఇంకో నేరం. నిఘంటువు చేయలేని పనిని ఈ ఉదాహరణలు చేస్తాయి.

‘గ్రేవ్’, ‘సడన్’

మర్డర్ నుంచి కింది మెట్టుకు దిగడానికి చట్టం కొన్ని దారులిచ్చింది. అందులో ఒకటి ‘గ్రేవ్ అండ్ సడన్ ప్రొవొకేషన్’. రెచ్చగొట్టడం తీవ్రంగానూ ఉండాలి, హఠాత్తుగానూ ఉండాలి. ఈ రెండు విశేషణాలకు మధ్య ఉన్న ‘అండ్’ ఒక నావికాదళ అధికారి జీవితాన్ని తేల్చింది. 1959 ఏప్రిల్ 27న బొంబాయిలో కమాండర్ నానావతికి భార్య ప్రేమ్ ఆహూజాతో తన సంబంధం గురించి చెప్పింది. ఆయన భార్యాపిల్లల్ని సినిమా హాలు దగ్గర దింపాడు, ఓడకు వెళ్లి రివాల్వరూ తూటాలూ తీసుకున్నాడు, ఆహూజా ఆఫీసుకూ అక్కణ్నించి అతని ఇంటికీ వెళ్లాడు. ఆహూజా చనిపోయాడు. జ్యూరీలో ఎనిమిదిమంది నేరం లేదన్నారు, ఒక్కరు ఉందన్నారు. బొంబాయి హైకోర్టు ఆ నిర్ణయాన్ని పక్కనపెట్టి మర్డర్ అంది.

1961 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు రాసినవారు రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు. భార్య మాట తీవ్రమైనదే కావచ్చు. ఇల్లు విడిచినప్పటి నుంచి కాల్పుల దాకా దాదాపు మూడు గంటలు గడిచాయి. ఆ మూడు గంటల్లో ఆ మనిషి పిల్లల గురించి ఆలోచించాడు, ఆయుధం సంపాదించాడు. కోపం చల్లారే వ్యవధి దొరికాక జరిగిందాన్ని హఠాత్తు అనలేమని సుబ్బారావు తేల్చారు. ‘గ్రేవ్’ అన్నది దక్కినా ‘సడన్’ అన్నది దక్కలేదు. యావజ్జీవం ఖాయమైంది. నానావతికి తర్వాత గవర్నర్ క్షమాభిక్ష దొరికింది. కానీ ‘సడన్’ అన్న మాటకు ఆ తీర్పు వేసిన కొలత ఈ రోజుకీ కోర్టులు వాడుతున్నాయి.

‘గ్రేవ్’కు తీవ్రం, ‘సడన్’కు ఆకస్మికం అని తెలుగు చేయడం కష్టం కాదు. అనువాదంలో ఆ ‘అండ్’ ఒక్క కామాగా మారిపోతే మాత్రం చదివేవాడికి రెండూ ఒకే సంగతిని రెండుసార్లు చెప్పినట్టు ఉంటుంది. మన పత్రికాభాషలో ఇలాంటి కామాలు చాలా ఉన్నాయి.

దొంగతనం ఇంటిపేరు

పోలీస్ స్టేషన్‌లో రోజూ వినిపించే కుటుంబం మాత్రం ఇంకోటి. ఆర్టీసీ బస్సులో కునుకు తీస్తున్నవాడి జేబులోంచి పర్సు లాగితే థెఫ్ట్. ‘డబ్బులివ్వకపోతే నీ పరువు తీస్తా’ అని బెదిరిస్తే, భయపడి అతనే తెచ్చి చేతిలో పెడితే ఎక్స్‌టార్షన్. కత్తి చూపి అక్కడికక్కడే ఒలుచుకుపోతే రాబరీ. అదే రాబరీ అయిదుగురు లేక అంతకన్నా ఎక్కువమంది కలిసి చేస్తే డెకాయిటీ. ఈ చివరి మాట హిందీ డకైతీ నుంచి ఇంగ్లిష్‌లోకి వెళ్లి, చట్టంలో కూర్చుని మనకే తిరిగొచ్చింది. నలుగురున్నప్పుడు రాబరీకి మామూలుగా పదేళ్ల దాకా. అయిదోవాడు తోడుగా నిలబడితే చాలు, అందరికీ యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. మన పేపర్లు మాత్రం చోరీ, దోపిడీ, లూటీ, బందిపోటు అన్న మాటల్ని శీర్షికలో ఎన్ని అక్షరాలు పడతాయో చూసి వాడుతుంటాయి.

మెడలో గొలుసు తెంచుకుపోవడం మన నగరాల్లో ఇన్నేళ్లుగా జరుగుతున్నా, పాత చట్టంలో దానికి సొంత పేరు లేదు. ఒక స్టేషన్ థెఫ్ట్ అంటే మరో స్టేషన్ రాబరీ అనేది. కొత్త సంహిత 304వ సెక్షన్‌లో ‘స్నాచింగ్’ అని తొలిసారి దానికో చోటిచ్చింది. మోటారుసైకిల్ మీద వచ్చి తాళి లాక్కుపోయినవాణ్ని ఏమనాలో చట్టానికి తోచేసరికి 162 ఏళ్లు పట్టింది.

చిట్టీలు వేసే మన ప్రాంతాల్లో అందరికీ పనికొచ్చే తేడా ఒకటుంది. చిట్టీ నడిపే మనిషి మొదటి రోజు నుంచే ముంచే ఆలోచనతో డబ్బు కట్టించుకుంటే చీటింగ్, జనం నోట్లో ‘ఫోర్ ట్వంటీ’. నమ్మకంగా అప్పగించిన డబ్బు మీద తర్వాత బుద్ధి చెడి మింగేస్తే క్రిమినల్ బ్రీచ్ ఆఫ్ ట్రస్ట్, నమ్మకద్రోహం. మోసం మొదట్లోనే ఉందా, మధ్యలో పుట్టిందా అన్నదే కీలకం. ఒకే వ్యవహారంలో ఒకే డబ్బుకు ఈ రెండూ కలిసి ఉండలేవనీ, పోలీసులు ఆలోచించకుండా రెండు సెక్షన్లూ రాసేస్తున్నారనీ 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు గట్టిగానే మందలించింది.

ఒక దిక్కుకు వెళ్లకుండా అడ్డుకుంటే ‘రెస్ట్రెయింట్’, ఏ దిక్కుకూ కదలకుండా బంధిస్తే ‘కన్‌ఫైన్‌మెంట్’. కొట్లాట కేసుల్లో డాక్టరు రాసిచ్చే ‘సింపుల్’, ‘గ్రీవియస్’ అన్న రెండు మాటలు ఊళ్లో అందరికీ తెలుసు. పన్ను ఊడినా ఎముక విరిగినా గ్రీవియస్. ఒళ్లు కమిలి రక్తం కారినా మామూలుగా సింపులే. మంచాన పడి పనిచేసుకోలేకపోయిన రోజులు ఇరవై ఉంటే గ్రీవియస్ అని పాత లెక్క, ఇప్పుడది పదిహేను.

వీటన్నిటిలో నాకు అందంగా తోచే తేడా 1964 నాటి మద్రాసు కేసులోది. కాలేజీలో చదివే, పద్దెనిమిది నిండబోతున్న అమ్మాయి తనంతట తాను ఇల్లు వదిలి, ఫోన్ చేసి తను ప్రేమించినవాణ్ని పిలిచి, అతనితో వెళ్లి పెళ్లి నమోదు చేసుకుంది. తండ్రి కిడ్నాప్ కేసు పెట్టాడు. మైనర్‌ను ‘తీసుకెళ్లడం’ వేరు, మైనర్‌ను ‘వెంట రానివ్వడం’ వేరు అని సుప్రీంకోర్టు చెప్పింది. అతను పురిగొల్పలేదు, ఇల్లు వదలమని చెప్పలేదు, కాబట్టి తీసుకెళ్లలేదు. అతను బయటపడ్డాడు. మన ఊళ్లలో ‘లేపుకుపోయాడు’ అని ఒక్క మాటలో తీర్పు చెప్పేస్తాం. ఆ మాటలో అమ్మాయి నడిచిన అడుగులు ఒక్కటీ ఉండవు.

మన నోటి మాట, వాళ్ల కాగితం

అసలు ప్రమాదం భాష మారే చోట ఉంది. సాక్షి తెలుగులో చెప్తాడు, కోర్టులో దాన్ని ఇంగ్లిష్‌లో టైపు చేయడం చాలాచోట్ల మామూలు. మన భాషలో ‘కొట్టి చంపారు’ అంటాం. చంపాలని కొట్టినా అదే మాట, కొడితే చనిపోయినా అదే మాట. మొదటిది మర్డర్‌కు, రెండోది కల్పబుల్ హోమిసైడ్‌కు దారి తీయొచ్చు. సాక్షి ఏది చెప్పాడో అతనికే తెలుసు. కాగితం మీద ఏదో ఒకటే ఉంటుంది.

‘చంపేస్తా’ అన్న మాట చూడండి. అల్లరి చేసే పిల్లాణ్ని తల్లి అంటుంది, బాకీ కట్టని స్నేహితుణ్ని స్నేహితుడు అంటాడు, నిజంగా చంపబోయేవాడూ అంటాడు. ‘నీ అంతు చూస్తా’ కూడా అంతే. ఇంగ్లిష్‌లోకి మారగానే ఆ మాట నుంచి గొంతూ, బంధుత్వమూ, సందర్భమూ రాలిపోయి, ఉద్దేశానికి రుజువు మాత్రమే మిగులుతుంది. అనువదించే చెయ్యి ఎంత నిజాయితీగా ఉన్నా ఈ నష్టం జరగొచ్చు. అందుకే ఎవరు ఎవరితో ఏ గొంతుతో అన్నారో కూడా రాయించుకునే లాయర్లంటే నాకు గౌరవం.

మన వైపు నుంచి జరిగే నష్టమూ తక్కువది కాదు. అనుమానితుడు, నిందితుడు, దోషి అని మనకు మూడు చక్కని మాటలున్నాయి. అనుమానం ఒకటి, అభియోగం ఇంకొకటి, రుజువు మరొకటి. అరెస్టయిన మర్నాడే ‘హంతకుడు దొరికాడు’ అని రాసేస్తే ఈ మూడు మెట్లూ కూలిపోతాయి. ఏళ్ల తర్వాత అతను నిర్దోషిగా బయటికొచ్చినప్పుడు ఆ వార్త లోపలి పేజీలో నాలుగు వాక్యాలకు పరిమితమవుతుంది. ఇక ‘ముద్దాయి’ సంగతి విచిత్రం. ఉర్దూలో ఆ మాటకు దావా వేసినవాడని అర్థం. మన కోర్టుల్లో అది కాలక్రమంలో ఎదుటి బోనులోకి వెళ్లి, నేరం మోపబడినవాడి పేరయింది. మాటలు ఇలా వైపు మార్చుకోగలవు. ఏ వైపున నిలబెట్టాలో వాడేవాళ్లే జాగ్రత్తగా తేల్చుకోవాలి.

తెలుగులో ఇంత సూక్ష్మత కుదరదని అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. లండన్ వీధిలో నడిచేవాడికి కూడా థెఫ్ట్, రాబరీ మధ్య తేడా పుట్టుకతో తెలియదు. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు దొంగలు పడితే అతనూ ‘నన్ను రాబ్ చేశారు’ అనే అంటాడు. ఆ మాటలకు హద్దులు ఇంగ్లిష్ భాష ఇవ్వలేదు, చట్టం ఇచ్చింది. నిర్వచించి, ఉదాహరణలతో బిగించి, వందల తీర్పుల్లో వాడి వాడి పదును పెట్టింది. దోపిడీ అంటే భయపెట్టి లేక బలం వాడి అక్కడికక్కడే తీసుకోవడమనీ, చోరీ అంటే అది లేకుండా తీసుకోవడమనీ మనం నిర్వచించుకుని, ఎప్పుడూ అదే అర్థంలో వాడితే ఆ మాటలూ అంతే పదునెక్కుతాయి. కుక్క వెంట నడిచిన ఉదాహరణకు బదులు మేక వెంట నడిచిన ఉదాహరణ మనమూ రాసుకోగలం.

దారి పూర్తిగా మూసి లేదు. రాజ్యాంగం 348వ అధికరణం హైకోర్టుల్లో, సుప్రీంకోర్టులో ఇంగ్లిష్‌నే ఉంచినా, సుప్రీంకోర్టు 2019 నుంచి తన తీర్పుల అనువాదాలను తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల్లో ఇవ్వడం మొదలుపెట్టింది. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టులో జస్టిస్ పి.నవీన్‌రావు, జస్టిస్ నగేశ్ భీమపాక ధర్మాసనం అన్నదమ్ముల ఆస్తి తగాదాలో తెలుగులోనే తీర్పు రాసింది. ఆ అన్నదమ్ములు తమ కేసులో ఏం తేలిందో ఎవర్నీ అడగకుండా చదువుకోగలిగారు. ఇలాంటి తీర్పు క్రిమినల్ కేసులోనూ రావాలి. అందులో హత్యకూ, హత్య కాని నేరపూరిత నరహత్యకూ మధ్య గీత ఎక్కడ పడిందో తెలుగు వాక్యంలో కనిపించాలి.

అది వచ్చేలోగా మన చేతిలో ఉన్న చోటు ఒకటుంది. ఫిర్యాదు నోటితో చెప్తే పోలీసులు రాసుకున్నది చెప్పినవాళ్లకు చదివి వినిపించి సంతకం తీసుకోవాలి, ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 154వ సెక్షన్, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 173వది. వినిపించేటప్పుడు క్రియాపదాల మీద చెవి పెట్టండి. లాక్కున్నారని రాశారా, తీసుకున్నారని రాశారా? ఆపారా, బంధించారా? ఎంతమంది అని రాశారు, నలుగురనా అయిదుగురనా? బెదిరించిన మాట మీరు చెప్పిన తెలుగులోనే ఉందా? మీరు అనని మాట కనిపిస్తే, సంతకానికి ముందే దిద్దమని అడగండి.